సందువత్త కాటా

ఆ రోజుల్లో బరంపురంలో నా అంత వాగే ట్యూషన్ మాస్టారు ఇంకొకడు ఉండేవాడు కాడనుకుంటాను. బీయస్సీ అప్పుడే గట్టెక్కి, మా ఇంటి ముందుగదిలో ప్లస్‌టూ పిల్లలకి మెకానిక్స్ లెక్కలు చెప్పేవాణ్ణి. లెక్క ఇంగ్లీషులో చదివి, వివరం ఒడియాలో చెప్పి, తిట్లు తెలుగులో తిట్టేవాణ్ణి (తిట్లు మాత్రం అందరికీ అర్థమయ్యేవి). అంత మాట్లాడినవాణ్ణి, చెప్పి తీరవలసిన ఒక్క ముక్క మాత్రం మింగేశాను. సందువత్త కాటాలో ఏ లోపమూ లేదు. తప్పింది నా లెక్క.

సందువత్త చేపలమ్మే మనిషి, మా వీధి చివర చేపల బజార్లో మొదటి చోటు ఆమెదే. గంపలో రంభ ఊరి నుంచి వచ్చిన రొయ్యలే ఉన్నా నోటితో మాత్రం సందువ చేపల గురించే కేకలేసేది, అందుకని ఆ పేరు. ఆమె కూతురు నా దగ్గర చదివేది. ఒకరోజు పుల్లీల లెక్కలు చెబుతున్నాను. తాడు మధ్యలో స్ప్రింగు కాటా ఉంది. తాడు రెండు కొసలూ బల్లకి చెరోవైపు పుల్లీల మీదుగా కిందికి దింపి, ఒక్కోదానికి ఐదు కిలోలు వేలాడదీస్తే కాటా ఎంత చూపిస్తుంది? "ఇందులో ఆలోచించడానికేముంది? ఇటు ఐదు, అటు ఐదు, మొత్తం పది" అని బోర్డు మీద రాసేసి, కింద రెండు గీతలు కూడా కొట్టాను.

"ఐదే కద సార్?" అంది సందువత్త కూతురు. "ఒక కొస గోడకి కట్టేసినా ఐదే సూపిస్తాది. అప్పుడు గోడ లాగుతాది కదా. పోయిన వారం మీరే సెప్పారు."

"గోడ లాగుతాదేటే? గోడకి చేతులున్నాయేటి?" అన్నాను. పిల్లలంతా గొల్లుమన్నారు. ఆ నవ్వుతో నా లెక్క రుజువైపోయినట్టే అనిపించింది గానీ, ఎందుకో కుదురుగా కూర్చోలేకపోయాను. గదిలో అటూ ఇటూ తిరిగి, "రేపు మీ అమ్మ కాటా పట్రా. తేల్చేద్దాం" అన్నాను.

మర్నాడు తేల్చాం. పుల్లీలు కాలేజీ ల్యాబు నుంచి అడిగి తెచ్చాను. బరువులకి మా వంటింటి బియ్యం ("బియ్యంతో ఆటలేటిరా!" అని అమ్మ లోపల్నుంచి కేకలు). రెండు సంచులూ వదిలాం. ముల్లు ఐదు దగ్గర ఆగింది. కాటాని తట్టాను, ఊపాను, గోటితో మీటాను. ఐదే. ఆ పిల్ల నోట్సులో ఐదు అని రాసుకుంది. "చూశారా సార్" అనుంటే కోప్పడి బయటపడేవాణ్ణి. అందరి కళ్లూ నా మీద ఉండేసరికి నోట్లోంచి వచ్చేసింది: "కాటా పాడైంది. స్ప్రింగు సాగిపోయి సగమే చూపిస్తోంది."

ఆ సాయంత్రానికల్లా మాట బజారుకి చేరింది. కాటా సగమే చూపిస్తే కొనేవాడికే లాభం కదా అని ఊళ్లో ఒక్కడూ ఆలోచించలేదు. "ఫిజిక్స్ సారే పట్టుకున్నాడట" అనుకుంటూ పక్క గంపకి జరిగిపోయారు. రెండు రోజులు చూసి సందువత్త మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

"మాస్టారూ, నా కాటా తప్పని నువ్వే అన్నావట! పొద్దుటి నుంచి ఈగలికే అమ్ముకుంతన్నాను. ఓపాలి బజార్లోకొచ్చి, బాగానే ఉందని ఒక్క మాట సెప్పు బాబూ. నీ మాటంటే ఇంటారు."

అప్పటికే పుస్తకం తిరగేసి చూసుకున్నాను. ఐదే. అయినా, "చూద్దాం అత్తా, ఇంకోసారి పరీక్ష చెయ్యాలి" అన్నాను. ఆమె వెళ్లిపోయింది. కూతురు ట్యూషన్ మానేసింది. ఆ నెల తిరక్కుండానే సందువత్త బజార్లో చోటు వదులుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఎరగని వీధుల్లో తిరగడం మొదలుపెట్టింది.

నేనూ తిరిగాను. ఆమె ఎక్కడ ఎదురవుతుందోనని ఊరంతా చుట్టుతిరుగుడే. ఏ సందులోనైనా "సందువలో!" అని వినిపిస్తే పక్క సందులోకి దూరేవాణ్ణి. చివరికి చేపలే మానేశాను. "సన్నాసుల్లో కలిసిపోతావేట్రా?" అని అమ్మ హడలిపోయింది. ఇప్పటికీ పిల్లలకి పాఠాలు చెబుతూనే ఉన్నాను, ఆ ఒక్క లెక్క మాత్రం దాటేస్తాను. ఈ మధ్య ఒక పిల్లాడు అడిగేశాడు: "సార్, ఇది మా అన్నయ్యకీ సెప్పలేదంట. అంత కష్టమా?" సుద్దముక్క బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని బయటపడ్డాను.

సందువత్త మళ్లీ బజారుకి చేరిందని తెలుసు. ముసలిదైపోయింది. ఓ మూల కరెంటు కాటా పెట్టుకుని చేప పొలుసు గీస్తోంది. పక్కన గొంతుక్కూర్చుని, ఎవరికీ వినపడకుండా, "అత్తా, ఆ రోజు నీ కాటా తప్పు కాదు" అన్నాను.

"నా కాటా సంగతి నాకు తెలీదేటి?" అంది తలెత్తకుండా. "మా పిల్ల ఆ రోజే సెప్పింది. నీ కాడ మానేసినాక ఫిజిక్సు పాసైపోయింది కూడానూ. నాకెందుకు సెప్తావు? బజారుకి సెప్పు."

లేచి నిలబడ్డాను. "అందరూ ఒక్క నిమిషం వినండి. ఒక తాడుందనుకోండి, దానికి రెండు కొసలు..." అని మొదలుపెట్టాను. చేపలు బేరమాడుతున్నవాళ్లు తిరిగి చూశారు. ఒకాయన "ఏ తాడు?" అన్నాడు.

సందువత్త నా పంచె కొస పట్టుకుని గుంజింది. "పాఠం వద్దు. తప్పు ఎవుడిదో సెప్పు, సాలు. ఒడియా వోలికీ తెలిసీలాగ సెప్పు."

"కాంటా ఠిక్ థిలా, భుల్ మోర" అని ఒడియాలో అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది, ఇంకా గట్టిగా అన్నట్టు. ఈసారి బజారంతా వినిపించేలా తెలుగులో అరిచాను:

"ఈ అత్త కాటా ఎప్పుడూ తప్పు చూపలేదు. తప్పు నాది. క్షమించు అత్తా."