చివరి తెల్లకాగితం మీద విజయ అభిప్రాయం

దయ్యాల నవలలు కిరాయికిచ్చి బతికే నాకు దయ్యాల మీద నమ్మకం ఏనాడూ లేదు. ఎవరైనా చెప్పబోతే మొహం మీదే నవ్వేవాణ్ణి. ఇప్పుడు నన్ను చూసి ఎవరు నవ్వినా నేనేమీ అనుకోను.

పాల్వంచలో మాది చిన్న బైండింగ్ దుకాణం. వారపత్రికల్లో వచ్చే సీరియల్ కాగితాలు విప్పి, వరసగా పేర్చి, కుట్టి, అట్ట వేసి కిరాయికి ఇస్తాను. చివర రెండు తెల్లకాగితాలు కూడా కుడతాను. చదివినవాళ్లు తమ అభిప్రాయం అక్కడ రాయాలి.

మొదటి అభిప్రాయం ఎప్పుడూ నా భార్య విజయదే. ప్రేమ, హత్య, దయ్యం మూడూ కలిసిన నవలంటే ఆమెకు ప్రాణం. "హీరోకు బుర్ర లేదు, వీడికంటే దయ్యమే నయం" అని రాసేది. కాలనీ ఆడవాళ్లు ఆమె రాత చూశాకే పుస్తకం తీసుకునేవాళ్లు.

పోయిన ఏడు ఆమె కిడ్నీలు పాడయ్యాయి. ఖమ్మం దవాఖానాలో చేర్చాం. ఆమె చెల్లెలు, నా మరదలు, తోడుండేది. నేను వారం వారం కొత్త సంచిక పట్టుకుపోయి, మంచం పక్కన కూర్చుని సీరియల్ చదివి వినిపించేవాణ్ణి.

ఒక గురువారం పొద్దున విజయ ఫోన్ చేసింది. "జల్దీ రా. సీరియల్ల ఆ పిల్ల మనిషో దయ్యమో ఇయ్యాల తేలాలె."

"అవ్, వస్తున్న" అన్నాను. కానీ బైండింగుకు వచ్చిన ఒక ఆఫీసు రిజిస్టర్లు ఆ రోజే ఇవ్వాల్సి ఉంది. అవి ముగించి మూడు గంటల బస్సెక్కాను. కొత్తగూడెం దాటకముందే మరదలి ఫోన్ వచ్చింది. అక్క నిద్రలోనే పోయిందని చెప్పింది. ఛీ, నా బతుకు! ఆ రిజిస్టర్లు ఎక్కడికి పోతాయి?

ఐదు వారాలకు సీరియల్ ముగిసింది. ఏడుస్తూనే దాన్ని కుట్టాను. తెల్లకాగితాల కొత్త కట్ట ఆ రోజే విప్పాను. రెండు వైపులా ఏమీ లేదు, నా కళ్లతో చూశాను. జిగురు ఆరేదాకా పుస్తకాన్ని బీరువాలో పెట్టాను. తాళంచెవి నా జేబులోనే ఉంది. ఇంట్లో ఉండేది కూడా నేనొక్కణ్ణే.

మొదట తీసుకున్నది కమల టీచర్. మర్నాడే తిరిగి తెచ్చింది. చివరి తెల్లకాగితం తెరిచి నా ముందు పెట్టింది.

"అన్నా, మొదలు చదివేది నేనే అంటివి గదా. మరి గిదేంది? విజయక్క రాత లెక్కుంది."

ఆమె రాతే. పెన్సిల్ గట్టిగా నొక్కి రాసే అలవాటు ఆమెది. కాగితం వెనక వేలు పెడితే అక్షరాలు తగిలాయి.

"అతను ఆలస్యంగా వచ్చినందుకు కోపం లేదు. ఆ పిల్ల చివరిదాకా తలుపు వంకే చూసిందని ఒక్క ముక్క రాయొచ్చు కదా."

సీరియల్ చివర హీరో వచ్చేసరికి ఆ పిల్ల బతికి ఉండదు. విజయ బతికుండగా ఆ భాగం అచ్చే కాలేదు.

టీచర్ తాను రాయలేదని పిల్లల మీద ఒట్టేసింది. అయినా ఎవరో ఆటపట్టించడానికి రాసిందే అయితే బాగుండని దేవుడికి మొక్కుకుని, మరదలికి ఫోన్ చేశాను. కాగితం మీద ఉన్నది చదివాను.

"నిద్రలో పోలే బావా. తలుపు దిక్కే చూసింది. నీకెట్ల చెప్పాలె?" అని ఏడ్చింది.

ఆ రాత అక్కడికి ఎట్లా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆమె నా కోసం తలుపు వంక చూస్తున్నప్పుడు నేను రిజిస్టర్లకు అట్టలు వేస్తున్నాను. అదొక్కటే తెలుసు.