సంచి వేస్తే సీటు మనదే

చోడవరం బస్టాండులో ఒక చట్టం ఉంది. ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ మీరరు. బస్సు ఆగేలోగా కిటికీలోంచి రుమాలో సంచో లోపల పడేస్తే ఆ సీటు మనది. మా ఆడవాళ్ళకి బస్సు ఉచితమయ్యాక ఈ చట్టానికి పదును పెరిగింది. ఇందులో ఆరితేరినది రావికమతంలో ఉండే నా స్నేహితురాలు. యాభై ఏళ్ళొచ్చినా గురి తప్పదు. ఆ ఉదయం విశాఖపట్నం బస్సులో ఒక్క సంచితో మూడు సీట్లు పట్టేసింది: తనకీ, నాకూ, బ్యాంకులో పనిచేసే మరో స్నేహితురాలికీ.

డిగ్రీ రోజుల నుంచీ ముగ్గురం తగువులాడుకుంటూనే ఉన్నాం. గెలుపు మాత్రం నాదే. ఆ రోజూ నేనే గెలిచాను, అదే మా కొంప ముంచింది.

"మెడలో ఆ పుస్తెలతాడు ఏటే అలాగ? సిటీలో తెంపుకుపోతారు. పసుపుతాడు ఉంది కదా, బంగారంది తీసి సంచిలో పెట్టు," అన్నాను రావికమతం ఆవిడతో.

"మా అత్తకి తెలిస్తే సంపేస్తాది."

"మీ అత్త ఈ బస్సులో ఉందేటి?"

లేదు కాబట్టి తీసి సంచిలో పెట్టింది.

బీచిలో మోకాళ్ళ దాకా తడిశాం. మురీ మిక్చరు తిన్నాం. ఒడ్డునున్న సబ్‌మెరైన్ మ్యూజియం లోపల బ్యాంకావిడ రెండుసార్లు తల కొట్టుకుని, "ఆడది లేని కొంప ఇంత పొందిగ్గా ఎలాగుందే!" అని ఆశ్చర్యపోయింది. మేం నవ్విన నవ్వుకి వెనకున్నవాళ్ళు దారివ్వమని గొడవ.

తర్వాత కైలాసగిరి. పైకి రోప్‌వేలో వెళ్దామని వాళ్ళిద్దరూ, ఆటోలో అయితేనే కొండంతా కనిపిస్తుందని నేనూ. నిజానికి నాకు ఎత్తంటే హడలు. ముప్పై ఏళ్ళుగా ఆ సంగతి వాళ్ళకి తెలియనివ్వలేదు. వాదిస్తూనే క్యూలో నిలబడ్డాను.

అద్దాల పెట్టె ఒకటి వచ్చి తలుపు తెరుచుకుంది. అంతే, మా రావికమతం ఆవిడ చెయ్యి బస్టాండులో లాగే లేచింది. ముందున్నవాళ్ళ భుజాల మీంచి సంచి ఎగిరి వెళ్ళి సరిగ్గా సీటు మీద పడింది. ముందు వరసలో ఉన్న ఒక ముసలావిడ, ఇద్దరు మనవలు ఎక్కారు. తలుపు మూసుకుంది. సంచి కొండెక్కింది.

"ఏటి సేసేవే!"

"అలవాటే... సెయ్యి ఆగలేదు," అంటూ నవ్వబోయి, మెడ తడుముకుంది. నవ్వు ఆగిపోయింది. "తాడు అందులోనే ఉందే."

నా వైపు చూసింది. తాడు తీయించిన పాపానికి, అందరికంటే ముందు నేనే తరవాతి పెట్టెలోకి దూకాను.

సగం దూరం వెళ్ళేసరికి ఎదురుగా మరో పెట్టె దిగుతోంది. అందులో ముసలావిడ! సంచి అద్దానికి ఆనించి మాకు చూపిస్తోంది.

"మనకోసమే దిగిపోతందే!" అని బ్యాంకావిడ కేక.

ముగ్గురం అద్దం బాదుతూ, అక్కడే ఉండమని చేతులు ఊపాం. ముసలావిడ సంబరంగా తిరిగి చెయ్యి ఊపింది. మనవలూ ఊపారు. పైకి చేరి, సముద్రం వైపయినా చూడకుండా దొరికిన పెట్టెలో మళ్ళీ కిందికి వచ్చేశాం. కళ్ళు మూసుకోలేదన్న సంగతి దిగాక తట్టింది నాకు.

ముసలావిడ బల్ల మీద కూర్చుని ఉంది, సంచి ఒళ్ళో.

"ఇదిగో తల్లీ, సూసుకో. నాను ముట్టలేదు."

తాడు ఉంది. మా రావికమతం ఆవిడ అక్కడికక్కడే మెడలో వేసుకుని, నా చెయ్యి కందిపోయేలా గిల్లింది.

"పిల్లలిద్దర్నీ నా ఒళ్ళోనే కూకోబెట్టుకున్నాను," అంది ముసలావిడ. "సంచి ఏసేరు కదా. మీ సీట్లో ఎవుల్నీ కూకోనిత్తానా?"

"ఏ ఊరమ్మా మీది?"

"కె.కోటపాడు. సోడవరం పక్కనే."

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. ఇక నవ్వు ఆగలేదు. ఏమీ అర్థం కాకపోయినా ముసలావిడా మాతో నవ్వింది. మా మూలంగా పాపం ఆవిడ కొండ మీద ఏమీ చూడలేదు. అందరం కలిసి మళ్ళీ వెళ్దామన్నాను. అవును, నేనే అన్నాను.

పెట్టె వచ్చి తలుపు తెరుచుకుంది. ఈసారి సంచి విసిరింది నేను.