నేను పెంచిన గడ్డి మీద పది బంతులు

"గడ్డి పీకెటోళ్లు గోల్ఫ్ నేర్పుడేంది?" అన్నాడు మేనేజర్, నా ముఖం వైపు కూడా చూడకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. మొయినాబాద్ దాటాక ఉన్న ఆ గోల్ఫ్ మైదానంలో తొమ్మిదేళ్లుగా గడ్డి పెంచుతున్నదాన్ని. చేవెళ్లలో పొద్దున్నే బస్సెక్కి వచ్చి, నీళ్లు పెట్టి, కలుపు తీసి, ఆటగాళ్ల కర్ర తగిలి మట్టి లేచిన చోటల్లా ఇసుక పోసి పూడ్చేదాన్ని. వంగిన నడుముతోనే ఆ ఆటంతా చూశాను. మనిషి నిలబడ్డ తీరు చూసి బంతి ఎటు పోతుందో ముందే చెప్పేదాన్ని. అది విన్న ముసలి కోచ్ సారు, పిల్లల బ్యాచ్‌కు నేర్పడానికి నన్నే పెట్టమని మేనేజర్‌ను అడిగాడు. దానికే ఆయన అంత మాట అన్నది.

సారు పట్టు వదల్లేదు. చివరికి మేనేజర్ ఒక షరతు పెట్టాడు. నెల తర్వాత నేను పది బంతులు కొట్టాలి. నూరు మీటర్ల దూరంలో పాతిన రెండు జెండాల మధ్య ఆరు పడాలి. పడితే కోచ్ పని నాది, లేకపోతే మళ్ళీ ఆ ఊసెత్తకూడదు.

"కొడుత సార్," అన్నాను. అప్పటికి నేను కర్ర పట్టి ఒక్క బంతి కూడా కొట్టలేదు. నా తిక్క అలాంటిది.

పని అయిపోయాక రోజూ గంటసేపు సారు నాతో ప్లాస్టిక్ గడ్డి మ్యాట్ మీద కొట్టించాడు. మొదటి వారం పార పట్టినట్టే పట్టాను కర్రను. "ఏందమ్మా, దాని గొంతు పిసుకుతున్నవా? జర వదులు," అని నవ్వేవాడు. బలమంతా చేతుల్లో పెట్టి బాదితే బంతి నాలుగడుగులు దొర్లి ఆగిపోయేది. రాత్రి భుజాలు సలిపేవి. ఒకరోజు విసుగొచ్చి కర్ర కింద పడేశాను.

సారు ఆ కర్ర తీసి పక్కన పెట్టాడు. "మీ పొలంల క్యాబేజీ డీసీఎం బండిలకు ఎట్ల ఎక్కిస్తరు?" అని అడిగాడు.

"ఇసిరేస్తం సార్. పైన ఒకలు పట్టుకుంటరు."

"జర చూపియ్యి."

కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి, లేని క్యాబేజీని రెండు చేతుల్లో పట్టుకుని కుడికి తిరిగి, ఎడమవైపు పైకి విసిరాను. "చేతులతోనే ఇసిరినవా?" అన్నాడు సారు.

"చేతులతోని ఇసిరితే పది గడ్డలకే రెక్కలు పడిపోతయి సార్. కాళ్లతోని, నడుముతోని ఇసరాలె. చేతులు ఊకె ఎనక వస్తయి."

"మరి గదే కదనే గోల్ఫ్!" అని సారు తొడ చరిచాడు.

ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టింది. బస్సులో నిలబడితే బరువు కుడికాలి మీద నుంచి ఎడమకాలి మీదికి మార్చి చూసుకునేదాన్ని. పొయ్యి దగ్గర గరిటె పట్టుకున్నా పట్టు బిగిసిందా, వదులుగా ఉందా అని ఆలోచనే. మూడో వారానికి బంతి గాల్లోకి లేచింది. నాలుగో వారంలో పదికి ఏడు జెండాల మధ్య పడ్డాయి.

పరీక్ష రోజున మేనేజర్ మ్యాట్ తీయించేశాడు. "ఆట గడ్డి మీద ఆడతరు, మ్యాట్ మీద కాదు," అన్నాడు. న్యాయమే. మొదటి బంతి నేల మీద దొర్లింది. రెండోదీ అంతే. ఆరు బంతులు అయ్యేసరికి రెండే లోపల పడ్డాయి. మిగిలిన నాలుగూ పడాల్సిందే. మేనేజర్ ఫోన్ చూసుకుంటున్నాడు.

సారు దగ్గరికొచ్చాడు. "కర్ర కిందికి దిగంగనే నువ్వు పైకి లేస్తున్నవమ్మా. బంతిని కొట్టినంక కర్ర నేలను కోసుకుంట పోవాలె. ఎరుకే కదా?"

ఎరుకే. కానీ ఆ గడ్డి పోయిన వానల్లో నేను ఒక్కొక్క పిలకా నాటింది. చేతులు ఒప్పుకోవడం లేదు.

"గడ్డి లేస్తది సార్," అన్నాను. నా మాట నాకే సిగ్గనిపించింది.

తొమ్మిదేళ్లుగా నా పక్కనే కలుపు తీసిన అక్క, ఇసుక బకెట్‌తో అంచున నిలబడి ఇదంతా వింటోంది. "ఓసి పిచ్చిదానా! లేస్తే లేవనియ్యి! పూడ్చెటందుకు నేను లేనా? కొట్టు!" అని అరిచింది.

కొట్టాను. అరచేయంత మట్టిపెళ్ల లేచి ముందు పడింది. బంతి నేరుగా పోయి జెండాల నడుమ దిగింది. నేను అలవాటుగా ఆ పెళ్ల కోసం వంగాను. అప్పటికే అక్క వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. "నువ్వు ముట్టకు. అటు జరిగి కొట్టు," అంది.

ఎనిమిదోది పడింది. తొమ్మిదోది పడింది. నేను జరుగుతుంటే నా వెనకే ఆమె పూడ్చుకుంటూ వచ్చింది. పదో బంతికి మేనేజర్ ఫోన్ జేబులో పెట్టి తలెత్తి చూశాడు. ఎడమ జెండాకు మూరెడు లోపల పడిందది.

"రేపు ఎనిమిదింటికి పిల్లలొస్తరు, టైమ్‌కి రా," అన్నాడాయన. సారు చప్పట్లు కొట్టాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సంతోషమే, కానీ సంతోషం ఒక్కటే కాదు. అక్క చివరి గుంత పూడ్చి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేవబోతోంది. నేను పరుగెత్తి చెయ్యి అందించాను.

"ఆ కర్ర ఇడిచిపెట్టి వచ్చినవేందే? పో, సారు పిలుస్తుండు," అని తనే లేచి, బకెట్ తీసుకుని ఆటగాళ్లు లేపిన గుంతల వైపు వెళ్లిపోయింది.