బాలయ్య కాక అంగడి మాటలు

మొన్న షాద్‌నగర్ దగ్గర మా బస్సు పక్కన ఎద్దుల లారీ ఒకటి ఆగింది. తడిగడ్డి, పేడ కలిసిన వాసన కిటికీలోంచి గుప్పుమంది. పక్క సీటావిడ ముక్కు మూసుకుంది. నాకేమో బాలయ్య కాక గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన మా పక్కింటాయన, ఎద్దుల దలాలి. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరం తెంపేవాడు. దలాలీలకు వాళ్ల మాటలు వాళ్లకుండేవి. కాడి కింద పడుకునే ఎద్దు ‘దొర’. పొడిచేది ‘జమేదారు’. గొర్రెలవాళ్ల మాటలు వేరు, లారీవాళ్లవి వేరు. ఒకరివి ఒకరికి అంతు పట్టవు. ఆ మాటల్లో అడిగితే దలాలి దలాలికి అబద్ధం చెప్పకూడదు, అది వాళ్ల కట్టు. సాయంత్రాలు కాక అరుగు మీద బియ్యం ఏరుకుంటూ వినీ వినీ నాకవన్నీ వచ్చేశాయి. ఒకరోజు, “కాకా, మా నాయిన గూడ దొరనే గద?” అన్నాను. కడుపుబ్బ నవ్వాడు. వెంటనే గంభీరమైపోయాడు.

“గీ మాటలు అంగడి దాటొద్దు బిడ్డా. దాటినయంటే నా నోట్లె మన్నే.”

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నాకు కొల్లాపూర్ దిక్కు సంబంధం వచ్చింది. పిల్లవాడితో వచ్చిన మేనమామ కూడా దలాలే, కాకకు ఎరుకైనవాడే. పిల్లవాడు తెల్లబట్టల్లో మెత్తగా మాట్లాడాడు. నాయిన మురిసిపోయి అప్పుడే ముహూర్తం మాట ఎత్తాడు. కాక గారె నములుతూ మేనమామను అడిగాడు:

“మీ ఇంట్ల జమేదారు ఉన్నడా?”

ఆయన ముఖం మాడిపోయింది. “పొద్దుగూకితే వస్తడు” అన్నాడు మెల్లగా.

“ఏ జమేదారు బాలయ్యా?” అన్నాడు నాయిన.

“గదేదో ఊరి ముచ్చట తీయన్నా” అని కాక ఇంకో గారె తీసుకున్నాడు.

అడిగింది ఈ పిల్లవాడి గురించేనా? లేక నిజంగా వాళ్ల కొట్టంలో ఎద్దు గురించా? పిల్లవాడు నవ్వుతూనే ఉన్నాడు. కాక నా వైపు చూడనైనా చూడలేదు. అంత గట్టిగా అడగాల్సిన పనేమిటి ఆయనకు! కారణం చెబితే కాక బతుకు పోతుంది, పెళ్లికి ఒప్పుకుంటే నాది. వాళ్లు బండెక్కగానే, “నాకు వద్దు నాయినా” అన్నాను.

“ఎందుకొద్దే? బంగారమసొంటి పిల్లగాడు!”

“వద్దంటే వద్దు. అంతే.”

నాయిన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కాక ఆ ముచ్చటే ఎత్తలేదు. అయితే ఆ మేనమామ అంగడిలో ఏం చెప్పాడో గాని, ఆ ఎండాకాలం నుంచి కాక తువ్వాల కింద మరే దలాలీ చెయ్యి పెట్టలేదని వాళ్లావిడ చెప్పి ఏడ్చింది. నేను కాక దగ్గరికి ఉరికాను.

“కాకా, ఆనాడు నాకినబడాల్ననే అడిగినవా?”

“ఏం అడిగిన బిడ్డా? నాకు యాదికి లేదు. ముసలోన్నైతి, ఇంక నన్నెవడు పిలుస్తడు?”

అప్పటికి ఆయన తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు.

ఆయన కావాలనే అడిగాడో, నేనే అలా అనుకున్నానో నాకు ఇప్పటికీ తేలదు. తర్వాత నల్లగొండలో మంచి మనిషినే చేసుకున్నాను. పొద్దుగూకాక గడప దగ్గర చెప్పుల చప్పుడైతే ఏనాడూ భయపడలేదు. ఆ సంగతి కాకకు చెబుదామని ఎన్నిసార్లు ఊరికి వెళ్లానో! ఎదురుగా కూర్చుని, ఎండల గురించి మాట్లాడి, తిరిగొచ్చేదాన్ని.