బావగారితో లొల్ల దారిలో

అక్క పోయాక ఏడాది పాటు బావగారు ఇల్లు కదల్లేదు. నేను వెళ్తే పేపరు మడిచి పక్కన పెట్టి, “కాఫీ తాగుతావా?” అనేవారు, అంతే. అక్క ఉన్నన్నాళ్ళూ నన్ను ఏడిపించందే ఆయనకి అన్నం ముద్ద దిగేది కాదు. ఆ చుట్టరికం కూడా అక్కతోనే పోయిందేమోనని నిజంగా భయపడ్డాను.

ఒక ఆదివారం పొద్దున్నే రెండు సైకిళ్ళు తుడిచి ఆయన గుమ్మం ముందు పెట్టాను. వాటిని చాలాసేపు చూసి, “ఫోను ఇంట్లో పడేసి రా. అందులో ఆవిడెవరో రైటుకి తిరగమంటే తిరిగే వయసు కాదు నాది. బోర్డులు చూసుకుంటూ పోదాం,” అన్నారు. ఏడాదికి విన్న మొదటి వెటకారం అది.

ఇక ప్రతి ఆదివారం ధవళేశ్వరంలో బ్యారేజీ దాటి కాలవ గట్టు పట్టేవాళ్ళం. బోర్డు కనిపిస్తే చాలు, ఆయన కాలు కింద మోపి పైకి చదివేవారు. బోర్డు మీద పది కిలోమీటర్లని ఉంటే, కింద బడ్డీకొట్టాయన “ఎంతో లేదండి, ఇక్కడే” అనేవాడు. ఎవరిని నమ్మాలో తేల్చుకునేసరికి ఒక టీ అయిపోయేది. ఇప్పుడు బావగారి మోకాళ్ళు మొరాయించాయి. ఆ ఆదివారాలు తలుచుకుంటే ప్రాణం లాగేస్తుంది.

ఓసారి లొల్ల ఊరి దగ్గర కాలవ లాకులు చూద్దామని బయల్దేరాం. కూడలిలో దారి బోర్డు మీది ఊళ్ళ పేర్లన్నిటినీ ఎవరో కుర్రాడి పుట్టినరోజు ఫ్లెక్సీ కప్పేసింది. అందులో ఆ అబ్బాయి నల్లకళ్ళజోడు పెట్టుకుని ఎడమవైపు వేలు చూపిస్తున్నాడు.

“చూపిస్తున్నాడు కదరా పాపం,” అంటూ బావగారు అటే తిప్పారు.

ఆ దారి కొబ్బరితోటల్లోంచి పోయి పోయి ఒక పెంకుటింటి ముందు ఆగిపోయింది. అరుగు మీద ఒక ఇల్లాలు బోర్లించిన కుండ మీద పూతరేకులు తీస్తోంది. లొల్లకి దారి అడిగాం. మా వైపు దారి చెప్పేముందు మనుషుల సంగతి తేలాలి.

“ఎవరి తాలూకండీ? అన్నదమ్ములా?” అంది.

“కాదండి, మా బావమరిది,” అన్నారు బావగారు.

“అదీ. అన్నదమ్ములైతే ఇంత సఖ్యంగా తిరగరు లెండి. మరి అక్కగార్ని ఒక్కర్నీ ఇంట్లో వదిలేసొచ్చారేంటండీ?”

నేను తల దించుకుని సైకిల్ చైను చూస్తూ నిలబడ్డాను.

“ఆవిడ కాలం చేసిందండి,” అన్నారు బావగారు.

కుండ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. “అయ్యో, తెలీక అడిగానండి,” అంది.

“పర్లేదండి. ఆవిడ పోతే మాత్రం బావమరిది కాకుండా పోతాడేంటి? వీణ్ణి నా నెత్తిన పెట్టి మరీ వెళ్ళింది,” అంటూ ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

నాకు ఏడుపొచ్చేసింది. ఆమె లొల్లకి దారి వివరంగానే చెప్పింది. నేను ఒక్క ముక్క వినలేదు.