పాట ముందరి గుసగుస

జమునకు గొంతు లేక కాదు, నలుగురిలో నోరు విప్పాలంటే భయం. నెల్లికుదురు దగ్గరి తండాలో పుట్టింది. ఎనిమిదో తరగతిలో బడి మానిపిస్తే పత్తి చేలో కూలికి పోయింది. అక్కడే పాటలు కట్టడం అబ్బింది. కట్టేది తను, పాడేది చిన్నాయిన బిడ్డ అనిత. పక్క సాలులో వంగి జమున ఒక్కో చరణం మెల్లగా అందిస్తే, అనిత దాన్ని చేనంతా మోగించేది.

సకల జనుల సమ్మె రోజుల్లో నెల్లికుదురు రోడ్డు మీద వంటావార్పు చేశారు. పొయ్యిల దగ్గర అనిత పాడింది. వెనక కూర్చుని జమున అలవాటుగా అందించింది. సెల్ దుకాణం ఉమేష్ తన ఫోను అనిత నోటి ముందు పట్టాడు.

వారం తిరక్కుండానే ఆ పాట కురవి దాకా పాకింది. ట్రాక్టర్లలో అదే, టీ కొట్లలో అదే, రింగుటోనూ అదే. ఎవరిని అడిగినా "అనిత పాట" అనేవారు. ఆ పాట వినబడితే జమున చెవులు మూసుకునేది. అనిత తమ ఇంట్లో తింటే కూర ఒక గరిటె తక్కువ వేసేది.

ఒకనాడు అనిత ఉరుక్కుంటూ వచ్చింది.

"అక్కా, ఉమేషన్న మల్ల రికార్డు చేస్తడట. మానుకోట ధూంధాం సభల పెడతరట!"

"పాడుకో. నేను వద్దన్ననా?"

"గట్ల కాదే. లైను లైనుకు ముంగట నీ గుసగుస ఇనబడుతున్నది. 'మధ్యల గా పిల్లి ఎవలు?' అని నవ్వుతున్నడు. నువ్వు అందియ్యకుంటే నాకు నోట్లకెల్లి మాట రాదాయె. జర ఎదురుంగ కూసొని పెదవులు ఆడియ్యి, సప్పుడు చెయ్యకు."

తన గొంతు ఆ ఫోన్లన్నింటిలో ఉందా? జమున సరేనని తలూపింది.

దుకాణంలో షట్టర్ దించి ఉమేష్ చెయ్యెత్తాడు. అనిత అక్క పెదవుల వంక చూసింది. అవి అతుక్కుపోయి ఉన్నాయి.

"అక్కా!"

జమున గోడకున్న సెల్ కవర్లను చూస్తూ కూర్చుంది. మళ్లీ మొదలుపెట్టినా అంతే. రెండో మాట దగ్గరే అనిత తడబడింది.

"ఏందమ్మా పరేషాను? ఇగ పాతదే పంపుత. పిల్లితోనే పోనీ!" అని ఉమేష్ ఫోను జేబులో వేసుకున్నాడు.

సమ్మెలో బస్సులు లేవు. ఆటోలో తిరిగి వస్తుంటే అనిత ముఖం పక్కకు తిప్పుకుంది.

"కుళ్లుబోతుదానివే నువ్వు."

అప్పుడే డ్రైవర్ ఫోను మోగింది. ముందు గుసగుస, సన్నగా, వణుకుతూ. అనిత గొంతు అందుకునేలోగా అతను "హలో" అన్నాడు.

జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఫోను ఇంకోసారి మోగితే బాగుండుననుకుంది, అతను మళ్లీ అంతే తొందరగా ఎత్తితే.