ఊటగెడ్డ అర్జీ

మా బావని ఊళ్లో గెడ్డ తాతబ్బాయి అంటారు. ఊరి ముందు గెడ్డ, అంటే వాగు, పొంగితే అనకాపల్లికి దారి తెగిపోతుంది. ఓ వానాకాలం మా అక్క కొండతల్లిని పాము కరిచింది. బావ ఆమెని మంచం మీద మోసుకొచ్చి, నీళ్లు తగ్గేదాకా ఒడ్డునే కూర్చున్నాడు. నీళ్లు తగ్గాయి గానీ అక్క దక్కలేదు. అప్పట్నుంచి పదకొండేళ్లు ఎమ్మెల్యే గుమ్మం తొక్కి తొక్కి వంతెనకి మంజూరు కాగితం సాధించాడు.

రెండు వేల ఆరులో అసెంబ్లీ నియోజకవర్గాల హద్దులు మారుస్తున్నారన్నారు. మండలాఫీసు గోడకి జాబితా అంటించారు. నేను బెల్లం మార్కెట్లో కాటా చీటీలు రాసేవాణ్ణి. నాలుగక్షరాలు వచ్చని బావ నన్నే చూడమన్నాడు. మా ఊరు ఊటగెడ్డ పేరు పక్క నియోజకవర్గం కింద ఉంది. వచ్చి బావకి చెప్పాను.

“అయితే మన వంతెన ఏటవుద్ది?” అన్నాడు బావ.

“కొత్త ఎమ్మెల్యే, కొత్త గుమ్మం. మల్లీ మొదటికే.”

ఓటర్లు అభ్యంతరాలు చెప్పుకోవచ్చని, విశాఖపట్నంలో విచారణ ఉందని తెలిసి, ఊటగెడ్డని కదిలించొద్దని బావ పేరున అర్జీ రాశాను. ఇక వారం రోజులు బావ అన్నం సయించక నా ప్రాణం తోడేశాడు. నన్నూ బావా అనే పిలుస్తాడు. “రెండు నిమిసాలే ఇత్తారంట బావా. నోరు పెగలకపోతే ఏటి సేత్తాను?” చెరకు పడిపోకుండా దాని ఆకులతోనే జడ చుడుతూ కూడా అదే పాఠం.

విచారణ హాల్లో పేరు పిలిచేసరికి బావ నా మోచెయ్యి పట్టుకుని లేచాడు. అధికారి అర్జీ చదివి, ఓటరు కార్డు అడిగి చూశారు.

“మీది నరసింగ అగ్రహారం కదా. అది ఎప్పట్లాగే అనకాపల్లి నియోజకవర్గంలోనే ఉంది. ఈ ఊటగెడ్డ వేరే ఊరు. అర్జీ వెనక్కి తీసుకోండి.”

ఛీ, నా బుద్ధి గడ్డి తిన్నదా! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మా ఊరిని అందరం ఊటగెడ్డ అనే అన్నాం. రికార్డులో పేరు కార్డు మీద తప్ప ఎవరి నోటా రాదు. అచ్చులో ఆ మాట కనపడగానే మాదే అనుకుని తప్పులో కాలేశాను. అంతమందిలో సిగ్గుతో చచ్చిపోయాను.

“మన ఊరు కదల్లేదంట, పద బావా,” అని లాగాను. సంతోషిస్తాడనుకుంటే అక్కడే నిలబడిపోయాడు.

“బాబూ, ఆ ఊటగెడ్డోల్లు ఎవులైనా వచ్చేరా?”

అధికారి కాగితాలు తిరగేసి, లేదన్నారు.

“గెడ్డ నేకపోతే ఆ పేరెలా వత్తాది బాబూ? ఆల్లూ వంతెన కోసం ఏ గుమ్మమో తొక్కుతుంటారు. కాయితంలో ఆల్ల పేరే ఉంది గదా. ఉంచండి.”

ఇంకో నిమిషం మిగిలింది. వారం రోజులు వల్లించిందంతా, మా అక్క సంగతితో సహా, ఆ ఊరి కోసం చెప్పాడు. ఒక్కచోట కూడా తడబడలేదు. అధికారి అర్జీ మీద ముద్ర వేసి ఉంచుకున్నారు.

తిరుగు బస్సులో ఉండగా వాన పట్టుకుంది. బావ కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

“గెడ్డ పొంగుద్దేమో బావా,” అన్నాడు.

“మన మంజూరు ఎక్కడికీ పోదు, ఊరుకో.”

“మన గెడ్డ కాదెహె,” అన్నాడు. “ఆల్లది.”